నల్ల దుస్తుల్లో చనిపోయిన జేన్ గ్రేను తెల్ల గౌనులో చూపించింది ఎవరు, ఎందుకు?

తుంగభద్ర:
లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ‘లేడీ జేన్ గ్రే శిరచ్ఛేదం’ అనే పెద్ద తైలవర్ణ చిత్రాన్ని ఈ వేదికలో చాలామంది నేరుగానో, ఏదో పుస్తకం అట్టమీదనో చూసే ఉంటారు. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ దెలరోష్ 1833లో గీశాడు. ఎత్తు దాదాపు రెండున్నర మీటర్లు, వెడల్పు మూడు మీటర్లు. చీకటి కమ్మిన రాతి గదిలో, తెల్లగా మెరిసే పట్టు దుస్తుల్లో, కళ్ళకు గంతలు కట్టి ఉన్న ఒక పిల్ల చేతులు చాచి తల వాల్చాల్సిన దుంగ కోసం తడుముకుంటూ ఉంటుంది. పెద్దవయసు అధికారి ఒకరు వెనకనుంచి వంగి ఆమెను నెమ్మదిగా నడిపిస్తుంటాడు. ఒక పక్క చెలికత్తెలు కుప్పకూలి ఏడుస్తుంటే, మరో పక్క తలారి గొడ్డలి పట్టుకుని వేచి ఉంటాడు.

కొత్తవారికోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండు రాజు ఆరవ ఎడ్వర్డ్ 1553 జూలై 6న పదిహేనేళ్ళ వయసులో చనిపోయాడు. తన అక్కలు మేరీ, ఎలిజబెత్‌లను పక్కనపెట్టి, ఏడవ హెన్రీకి మునిమనవరాలైన జేన్‌కు కిరీటం దక్కేలా రాసిపోయాడు. జూలై 10న ఆమెను రాణిగా చాటింపు వేశారు, 19న దించేసి మేరీని రాణిని చేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 12న, పదహారో పదిహేడో ఏళ్ళ వయసులో, లండన్ టవర్ కోటలో ఆమె తల నరికారు.

ఆ రోజుల్లో టవర్‌లోనే నివసించిన ఒక అజ్ఞాత వ్యక్తి తాను చూసిందీ విన్నదీ రాసిపెట్టాడు. అది 1850లో అచ్చయింది. ఆ కథనాన్ని బొమ్మ పక్కన పెట్టి చదివితే తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. శిరచ్ఛేదం జరిగింది కోట లోపలి పచ్చిక బయలులో, పట్టపగలు, నాలుగు గోడల మధ్య కాదు. ఆమె వేసుకున్నది విచారణనాడు వేసుకున్న గౌనే, అది నలుపు. చెలికత్తెలిద్దరూ విపరీతంగా ఏడ్చినా ఆమె ముఖం చెదరలేదనీ, కంట తడి లేదనీ, చేతిలోని పుస్తకం చదువుకుంటూ ప్రార్థన చేసుకుంటూ నడిచిందనీ అతను స్పష్టంగా రాశాడు. మూడువందల ఏళ్ళ తర్వాత గీసిన చిత్రకారుడు దుస్తుల రంగునూ చోటునూ మార్చడం ఒక ఎత్తు. పుస్తకం పట్టుకుని నడిచిన మనిషిని దారి తెలియక తడుముకునే మనిషిగానే లోకానికి గుర్తుండేలా చేయడం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. దీనిమీద మీ ఆలోచనలు వినాలని ఉంది.

పాతకాగితం:
తుంగభద్ర గారూ, ఆ బొమ్మను ఇంగ్లండు చరిత్రగా చూస్తే సగమే అర్థమవుతుంది. అది 1834లో పారిస్ సలోన్ ప్రదర్శనలో మొదటిసారి జనం ముందుకు వచ్చింది. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ, రాణి మేరీ ఆంత్వానెత్ 1793లో గిలటిన్ కింద తల పెట్టి అప్పటికి నలభై ఏళ్ళే అయింది. 1830లో మరో విప్లవం వచ్చి మరో రాజును సాగనంపింది. ప్రదర్శనకు వచ్చినవారిలో పెద్దవయసువాళ్ళకు ఆ రోజులు స్వయంగా గుర్తున్నాయి. తమ దేశంలో జరిగిన రాజవధను నేరుగా గీస్తే ఏదో ఒక పక్షానికి నిప్పు అంటుకుంటుంది కనుక, ఇంగ్లండు రాజవంశాల కథలు ఫ్రెంచివాళ్ళకు అడ్డుతెరగా పనికొచ్చాయి. దెలరోష్ అంతకుముందు, 1830లో టవర్‌లో బందీలైన ఇద్దరు బాల రాకుమారులనూ, 1831లో తల నరకబడ్డ ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ శవపేటిక మూత ఎత్తి చూస్తున్న అతని ప్రత్యర్థి క్రామ్‌వెల్‌నూ గీసింది ఈ వరసలోనే. తెల్ల దుస్తుల్లోని ఆ పిల్లను చూసి ఫ్రెంచి ప్రేక్షకులు తమ దేశంలో పోయినవాళ్ళ కోసం ఏడ్చారని నా నమ్మకం. అందుకు బలిపశువు ఎంత నిస్సహాయంగా ఉంటే అంత మంచిది.

ఆ బొమ్మ చరిత్ర కూడా చిన్నది కాదు. 1902లో నేషనల్ గ్యాలరీకి వీలునామా ద్వారా వచ్చింది. టేట్ గ్యాలరీలో ఉండగా 1928లో థేమ్స్ వరద ముంచెత్తడంతో పాడైపోయిందనే అనుకున్నారు. 1973లో మరో బొమ్మ కోసం వెతుకుతుంటే చుట్టచుట్టి ఉన్న కాన్వాసు బయటపడింది.

కుంచె:
నేను చిత్రకళ నేర్పుతూ బతికేవాణ్ణి కాబట్టి బొమ్మ పక్షాన నాలుగు మాటలు చెప్పక తప్పదు.

అందరూ నాటకీయమని వేలెత్తి చూపే ఘట్టమే ఈ బొమ్మలో నూటికి నూరుపాళ్ళూ నిజం. తుంగభద్ర గారు చెప్పిన ఆ టవర్ కథనంలోనే అది ఉంది. జేన్ తన కళ్ళకు తానే రుమాలు కట్టుకుంది, ఆపైన దుంగ కోసం తడుముకుంటూ, “ఏం చెయ్యను? అదెక్కడ ఉంది?” అని అడిగింది, దగ్గర నిలబడ్డ ఒకరు ఆమెను అక్కడికి నడిపించారు. అప్పుడు తల వాల్చి, “ప్రభువా, నా ఆత్మను నీ చేతుల్లో పెడుతున్నాను” అంది. దెలరోష్ ఈ క్షణాన్ని కల్పించలేదు, ఎంచుకున్నాడు. తెల్లబట్టలూ చీకటి గదీ ఆ క్షణంమీద చూపు నిలిపే సాధనాలు మాత్రమే. మేఘావృతమైన ఫిబ్రవరి పగటి వెలుతురులో, చుట్టూ అధికారుల గుంపు మధ్య, నల్ల గౌనులో ఉన్న మనిషిని గీస్తే చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. చిత్రాన్ని అఫిడవిట్‌లా చదవడం చిత్రానికి అన్యాయం.

తుంగభద్ర:
కుంచె గారూ, ఎంచుకున్నాడన్న మీ మాట సరైనదే. నా ఫిర్యాదంతా ఆ ఎంపికమీదనే. అదే కథనంలో ఆమె ఇంకా ఏమేం చేసిందో, ఏమేం మాట్లాడిందో వరసగా చూడండి.

1553 ఆగస్టు 29న ఆ అజ్ఞాత రచయిత పార్ట్రిడ్జ్ అనే టవర్ అధికారి ఇంట్లో భోజనానికి వెళితే, బందీగా ఉన్న జేన్ కూడా బల్ల దగ్గర ఉంది. తన మామగారైన నార్తంబర్లండ్ డ్యూకు అంతకు వారం కిందటే నరకబడ్డాడు. చావుకు ముందు కాథలిక్కు మతంలోకి తిరిగి మారాడు. అతని ప్రస్తావన రాగానే ఆమె ఏమాత్రం దాచుకోలేదు. అతని అంతులేని అధికార దాహమే తననూ తన వంశాన్నీ ఈ దుర్గతికి తెచ్చిందని మండిపడింది. పండిన వయసువాడు కాస్త బతుకు కోసం మతం మారాడే, పడుచుదాన్నైన నేను ప్రాణంమీద తీపితో విశ్వాసాన్ని వదులుకోవాలా, దేవుడు ఆ పాపం నా చేత చేయించకూడదు అంది. తన కుటుంబానికి ఒకప్పుడు మతగురువుగా ఉండి కాథలిక్కు పక్షానికి తిరిగిపోయిన హార్డింగ్‌కు ఆమె రాసిన ఉత్తరం ఇంకా ఘాటుగా ఉంటుంది. అందులో అతణ్ణి సైతాను కన్న వికృత శిశువు అని సంబోధించింది. తెల్ల గౌను పిల్ల నోట ఈ మాట వస్తుందని ఎవరైనా ఊహించగలరా?

చనిపోయిన రోజు సంగతి మరీ ముఖ్యం. ఉదయం టవర్ హిల్ మీద తన భర్త గిల్డ్‌ఫర్డ్ తల నరికి, మొండేన్ని బండిలో వేసి, తలను గుడ్డలో చుట్టి లోపలి ప్రార్థనాలయానికి తెస్తుంటే, పార్ట్రిడ్జ్ ఇంటినుంచి జేన్ ఆ శవాన్ని చూసింది. చూసిన తర్వాతే తన వంతుకు నడిచింది. వధ్యవేదిక ఎక్కి చేసిన ప్రసంగంలో, రాణిపట్ల జరిగిన పని చట్టవిరుద్ధమని ఒప్పుకుంటూనే, దాన్ని తాను కోరలేదనీ పూనుకుని చేయించుకోలేదనీ చేతులు కడుక్కుంది. చివర్లో, “నేను బతికి ఉన్నంతసేపు మీ ప్రార్థనలతో నాకు తోడ్పడండి” అంది. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలు వ్యర్థమన్నది ప్రొటెస్టెంటు సిద్ధాంతం. కాథలిక్కు రాణి అధికారుల ఎదుట, మెడమీద గొడ్డలి పడబోయే ముందు, ఒక్క షరతు మాటతో తన మతవాదాన్ని మరోసారి చాటింది. ఇన్ని క్షణాల్లో ఆమెకు చూపూ మాటా రెండూ లేని ఒక్క క్షణాన్నే ఏరుకున్న చేతిని నేను అమాయకమైన చెయ్యి అనలేను.

సంధ్యారాగం:
ఇదంతా చదువుతుంటే నాకొక ప్రశ్న వస్తోంది. చిన్నప్పటినుంచీ తల్లిదండ్రులు ఆమెను కొట్టి, గిల్లి, హింసించి పెంచారని ప్రతిచోటా చదువుతాం. బతుకంతా బాధితురాలిగానే ఉన్నప్పుడు చావును కూడా అలాగే గీశారంటే అందులో వింత ఏముంది?

మాధవి_లెస్టర్:
సంధ్యారాగం గారూ, మేము ఉండే ఊరికి బ్రాడ్‌గేట్ పార్క్ దగ్గరే. జేన్ పెరిగిన ఇల్లు ఇప్పుడు ఎర్ర ఇటుకల మొండిగోడలుగా మిగిలింది, చుట్టూ జింకలు మేస్తుంటాయి. జేన్ చనిపోయినప్పుడు అక్కడి ఓక్ చెట్ల తలలు నరికారని మా పిల్లలకు కూడా చెబుతారు. చెట్ల పైకొమ్మలు కొట్టి చిగుళ్ళు రానివ్వడం ఇక్కడి పాత పద్ధతి. దానికి కథ అతుక్కుంది.

మీరన్న గిల్లుళ్ళ కథకు మూలం రోజర్ ఆస్కమ్ అనే పండితుడు. 1550లో అతను బ్రాడ్‌గేట్‌కు వచ్చేసరికి ఇంటివారంతా వేటకు పోతే జేన్ ఒక్కతే కూర్చుని ప్లేటో ‘ఫీడో’ను గ్రీకులో చదువుతోందట. తల్లిదండ్రుల దగ్గర ఏ పని చేసినా గిల్లుళ్ళూ చీవాట్లూ తప్పవనీ, మృదువుగా చెప్పే గురువు ఏల్మర్ దగ్గర ఉన్నంతసేపే సుఖమనీ ఆమె చెప్పినట్టు అతను రాశాడు. అయితే ఆ మాటలు అచ్చయింది 1570లో, జేన్ పోయిన పదహారేళ్ళకు. పిల్లలకు భయపెట్టి కాక ప్రేమగా చదువు చెప్పాలన్నది ఆ పుస్తకం వాదన. ఆ వాదనకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ దొరికిందన్నమాట. జేన్ అలా అనలేదని నేను అనను; ఏ బిడ్డయినా ఒకనాడు అలా విసుక్కోవచ్చు. ఒక మధ్యాహ్నపు సంభాషణను ఒక జీవితంగా మార్చడమే చిక్కు.

తల్లి ఫ్రాన్సెస్‌కు జరిగింది ఇంతకంటే ఘోరం. 1559లో హాన్స్ యూవర్త్ గీసిన జంట చిత్రం ఒకటుంది: మందపాటి మెడ, బిగించిన పెదవులు, వేళ్ళకు ఉంగరాలు ఉన్న ఒక స్త్రీ, ఆమె పక్కన మీసాలు సరిగా మొలవని ఒక యువకుడు. బొమ్మమీద ఆమె వయసు 36 అనీ, అతనిది 21 అనీ రాసి ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ అది ఫ్రాన్సెస్, ఆమె రెండో భర్త ఏడ్రియన్ స్టోక్స్ అని చెప్పుకుంటూ వచ్చారు. ఇక రచయితలకు పండగే: ఆ ముఖంలో ఆమె మేనమామ ఎనిమిదో హెన్రీ క్రూరత్వాన్ని చూశారు, కూతురు పోగానే కుర్రవాణ్ణి కట్టుకున్న కామాతురను చూశారు, బిడ్డను కొట్టిన చేతులను చూశారు. 1980లలో పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఆమె డేకర్ ప్రభువు కుటుంబానికి చెందిన మేరీ నెవిల్, పక్కనున్నది ఆమె కన్నకొడుకు గ్రెగరీ. వేరే తల్లి ముఖాన్ని తెచ్చి ఫ్రాన్సెస్‌కు అతికించి, ఆ ముఖం ఆధారంగా ఆమె గుణాన్ని నిర్ణయించి, ఆ గుణాన్ని నవలల్లోకీ సినిమాల్లోకీ ఎక్కించారు. జేన్‌ను నిర్దోషి చెయ్యాలంటే పక్కన ఒక రాక్షసి కావాలి. ఆ వేషం తల్లిమీద పడింది. ఫ్రాన్సెస్ స్వయంగా మేరీ రాణి దగ్గరకు పోయి భర్త కోసం వేడుకున్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పాతకాగితం:
మాధవి గారు మొదలుపెట్టిన దారిలోనే ఇంకొకటి. 1553 జూలై 10న జేన్ టవర్‌లోకి అడుగుపెట్టినప్పుడు స్పినోలా అనే జెనోవా వ్యాపారి చూసి రాశాడంటూ ఒక వర్ణన చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. పొట్టిగా సన్నగా ఉందనీ, జుట్టు ఎర్రగా ఉందనీ, ముఖంమీద మచ్చలున్నాయనీ, పొడుగు కనిపించడానికి ఎత్తు మడమల చెప్పులు తొడిగారనీ ఉంటుంది. ఎంత సహజంగా ఉందో చూడండి. ఆ మచ్చలూ చెప్పులూ చదివితే ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుంది. కానీ ఆ ఉత్తరం రిచర్డ్ డేవీ 1909లో వేసిన పుస్తకానికి ముందు ఎక్కడా లేదు. మూలప్రతి దొరకలేదు. లియాండా డి లిల్ అనే చరిత్రకారిణి ఈ మధ్య దాన్ని కల్పితమని తేల్చారు. ఎవరైనా జేన్‌ను కళ్ళకు కట్టినట్టు వర్ణిస్తుంటే, ఆ వివరాలు స్పినోలావేనా అని ముందు చూడండి.

వెండితెర_వీక్షకుడు:
సినిమాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1986లో హెలెనా బోనమ్ కార్టర్ నటించిన ‘లేడీ జేన్’లో, ఇష్టంలేని పెళ్ళితో మొదలైన దంపతులు గాఢమైన ప్రేమలో పడి, పేదల కోసం రాజ్యాన్ని సంస్కరించాలని కలలు కంటారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనను. కానీ వాళ్ళ పెళ్ళి 1553 మే నెలలో జరిగింది. ఆపైన కలిసి ఉన్న రోజులు బహు తక్కువ. గిల్డ్‌ఫర్డ్‌ను డ్యూకును చేస్తాను గాని రాజును చెయ్యనని జేన్ తెగేసి చెప్పిందనీ, దానికి అత్తగారు అలిగి కొడుకును తీసుకుని వెళ్ళిపోవాలని చూసిందనీ జేన్ పేరిట ఇటలీ గ్రంథాల్లో మిగిలిన ఉత్తరంలో ఉంది. నాకైతే ఆ గొడవే గొప్ప సన్నివేశం. పదహారేళ్ళ పిల్ల, అధికారం చేతికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే, దేశంలో అందరికంటే బలవంతుడైన మామగారి పథకానికి అడ్డం తిరిగింది. ప్రేమకథ కోసం దాన్ని పలచన చేశారు.

2024లో వచ్చిన ధారావాహికలో జేన్ చావకుండా తప్పించుకుంటుంది, మనుషులు జంతువులుగా మారుతుంటారు. దానితో నాకు పేచీ లేదు, ఎందుకంటే అది చరిత్రనని ఎక్కడా నటించదు. నిజమైన కొవ్వొత్తులూ నిజమైన కోటలూ చూపించి మధ్యలో అబద్ధం పెట్టేవే ఎక్కువ నష్టం చేస్తాయి.

న్యాయవాది_గుంటూరు:
ఇంతవరకూ అందరూ ఆమె నిర్దోషి అన్న మాటను ఒప్పుకునే మాట్లాడారు. అది కూడా కళ పెంచి పోషించిన మాటేనని నా అభిప్రాయం.

పార్లమెంటు చేసిన వారసత్వ చట్టం ప్రకారం ఎడ్వర్డ్ తర్వాత మేరీ రావాలి. ఎడ్వర్డ్ తన స్వదస్తూరీతో రాసిన పత్రంలో మొదట ‘జేన్ మగసంతానానికి’ అని ఉన్నదాన్ని దిద్ది ‘జేన్‌కూ ఆమె మగసంతానానికీ’ అని మార్చిన గుర్తులు ఈనాటికీ కనిపిస్తాయి. రాజు రాతతో పార్లమెంటు చట్టం రద్దు కాదు. ఆ చిట్టచివరి దిద్దుబాటుమీద నిలబడి జేన్ ‘జేన్, రాణి’ అని సంతకాలు పెట్టింది, మేరీమీద సైన్యాన్ని సమీకరించమని జిల్లా అధికారులకు ఆజ్ఞలు పంపింది. మొదట ఏడ్చి కాదన్నదన్నది నిజమే కావచ్చు. ఒప్పుకున్న తర్వాత రాణిగానే నడుచుకుంది. నవంబర్ 13న గిల్డ్‌హాల్‌లో విచారణ జరిగింది, ఆర్చిబిషప్ క్రాన్మర్ కూడా అదే రోజు ముద్దాయి. నేరం ఒప్పుకున్నారు, మరణశిక్ష పడింది.

ఇక మేరీకి జరిగిన అన్యాయం చెప్పాలి. శిక్ష పడ్డాక కూడా ఆమె జేన్‌ను చంపించకుండా ఉంచింది. పవిత్ర రోమన్ చక్రవర్తి రాయబారి రెనార్ ఎంత ఒత్తిడి చేసినా వినలేదు. 1554 జనవరిలో స్పెయిన్ రాకుమారుడితో మేరీ పెళ్ళికి వ్యతిరేకంగా వయట్ తిరుగుబాటు లేచినప్పుడు, అప్పటికే ఒకసారి క్షమాభిక్ష పొందిన జేన్ తండ్రి అందులో చేరాడు. ఆ తర్వాతే జేన్ ప్రాణం నిలబడలేదు. తండ్రిని ఫిబ్రవరి 23న నరికారు. బొమ్మల్లోనూ నాటకాల్లోనూ క్రూర రాణి చేతిలో బలైన కన్య కథే కనిపిస్తుంది గాని, కూతురు జైల్లో ఉండగా కత్తి పట్టిన తండ్రి ఎక్కడా కనపడడు.

సంధ్యారాగం:
న్యాయవాది గారూ, సంతకం పెట్టినందుకు ఆ వయసు పిల్లను పూర్తిగా బాధ్యురాల్ని చెయ్యడం నాకు మింగుడు పడదు. ఆమె చుట్టూ ఉన్న ప్రివీ కౌన్సిల్ (రాజు సలహాదారుల సభ) పెద్దలే పది రోజులు తిరక్కముందే మేరీ పక్షానికి దూకేశారు. వాళ్ళలో చాలామంది పదవుల్లో కొనసాగారు కూడా. అయితే బాధితురాలైనంత మాత్రాన మాట లేనిది కాదన్న తుంగభద్ర గారి వాదన ఇప్పుడు నాకు బలంగా కనిపిస్తోంది. ఇంతకీ ఆమె అసలు ముఖం ఎక్కడైనా ఉందా?

మాధవి_లెస్టర్:
ఆమె బతికి ఉండగా ఆమెను చూసి గీసినదని తిరుగులేకుండా రుజువైన చిత్రం లేదు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో చాలాకాలం జేన్‌గా చలామణి అయిన నిలువెత్తు చిత్రం, అందులోని నగలను బట్టి 1996లో ఎనిమిదో హెన్రీ చివరి భార్య కేథరిన్ పార్ చిత్రమని తేలింది. అదే గ్యాలరీ 2006లో కొన్న స్ట్రెథమ్ చిత్రం ఆమె పోయిన దాదాపు నలభై ఏళ్ళకు గీసింది. ఎవరో దాని కళ్ళనూ నోటినీ గీరేశారు. ముఖం తెలియని మనిషి కాబట్టే ప్రతి తరం తనకు కావలసిన ముఖాన్ని పెట్టుకోగలిగింది.

కుంచె:
అయితే నా ప్రశ్న మీ అందరికీ. మీరు నిజమైన జేన్ అంటున్న ఆ ధీర కూడా ప్రొటెస్టెంటుల చేతుల మీదుగానే మనకు వచ్చింది కదా? ఆమె ఉత్తరాలను ప్రచారం కోసం అచ్చేశారు, 1563లో ప్రొటెస్టెంటు రచయిత జాన్ ఫాక్స్ మతం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల గురించి రాసిన తన గ్రంథంలో చేర్చాడు. దెలరోష్ ఒక అచ్చు పోశాడు, ఫాక్స్ ఇంకో అచ్చు పోశాడు. ఒకదాన్ని వక్రీకరణ అనీ, రెండోదాన్ని చరిత్ర అనీ ఎలా అంటారు?

తుంగభద్ర:
కుంచె గారూ, ఇది ఈ చర్చలో వచ్చిన బలమైన అభ్యంతరం. ఫాక్స్ ఏరికోరి పెట్టాడు, నిజమే. అతనికి హతసాక్షి కావాలి. అయితే ఆమె సొంత చేతిరాత కూడా కొంత మిగిలింది. వధ్యవేదికకు తీసుకుపోయిన చిన్న ప్రార్థన పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని అంచుల్లో తండ్రికీ, టవర్ లెఫ్టినెంట్ సర్ జాన్ బ్రిడ్జెస్‌కూ ఆమె మాటలు రాసింది. బొమ్మలో వెనకనుంచి వంగి నడిపిస్తున్న పెద్దమనిషి ఈ బ్రిడ్జెస్సే. ఇంత మంచి పుస్తకంలో నాలాంటి సామాన్య స్త్రీని రాయమని కోరారు గనుక, స్నేహితురాలిగా అడుగుతున్నాను, క్రైస్తవురాలిగా పట్టుబడుతున్నాను, దేవుడి చట్టాలవైపు మీ మనసు తిప్పుకోండి అని తనను బంధించిన అధికారికే ఆమె బోధ చేసింది. దీనికి ఫాక్స్ పూనిక అక్కరలేదు, సిరా ఆమెదే. ఫాక్స్ పెంచి చూపించిన గుణం ఆ అంచుల్లోనూ ఉంది. దెలరోష్ చూపించిన గుణం వాటిలో నాకు కనపడలేదు.

కుంచె:
ఒప్పుకుంటాను గాని, ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు కలిగే కంపాన్ని మాత్రం వదులుకోను. చావుకు ముందు ఆమెను మతం మార్చడానికి మేరీ పంపిన కాథలిక్కు మతగురువు ఫెకెన్‌హామ్‌తో జరిగిన వాదం గురించి విన్నాను. వీలైతే అందులో కొంత తెలుగులో పెట్టండి.

తుంగభద్ర:
తప్పకుండా. మొత్తం వాదాన్ని వచ్చే వారం విడిగా పెడతాను, ప్రస్తుతానికి రెండు ఘట్టాల సారం చెబుతాను. చర్చి ఆరాధనలో పంచే రొట్టె క్రీస్తు శరీరమేనని ఫెకెన్‌హామ్ అంటూ, “ఇది నా శరీరము” అని క్రీస్తే చెప్పలేదా అని నిలదీశాడు. దానికి జేన్, “నేను ద్రాక్షావల్లిని, నేను ద్వారమును అని కూడా ఆయన అన్నాడు కదా, అందుకని ఆయన తలుపూ తీగా అయిపోయాడా?” అని అడిగింది. వాదం ముగిశాక అతను విచారంగా, మనమిద్దరం ఎన్నటికీ కలుసుకోబోమని తెలుస్తోంది అన్నాడు. దేవుడు మీ మనసు మార్చకపోతే నిజమే, కలుసుకోం అంది జేన్. మీరు పశ్చాత్తాపపడి దేవుడివైపు తిరగకపోతే మీ గతి బాగుండదు, మీకు వాక్పటిమ అనే గొప్ప వరాన్ని ఇచ్చిన దేవుడు మీ మనోనేత్రాలను కూడా తెరవాలని ప్రార్థిస్తున్నాను అంటూ అతణ్ణి సాగనంపింది.